ఆయనదొక సినిమా, నాదొక సినిమా

నవంబరు 3

ఆర్తి తీసిన సినిమా ఇవాళ యూట్యూబులో పెట్టారు. కథా సినిమా కాదు, డాక్యుమెంటరీ. భివండీ శాంతి నగర్‌లో మగ్గాల సందులో పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటిదాకా నేను నడుపుతున్న అద్దె నవలల దుకాణం గురించి. హత్యలు, దయ్యాలు, లేచిపోవడాలు, పాలల్లో విషాలు. తెలుగు, హిందీ, మరాఠీ మూడింట్లోనూ ఉన్నాయి నా దగ్గర. ముంబయి నుంచి వచ్చిన ఆర్తి వానాకాలమంతా కెమెరాతో నా స్టూలు పక్కనే కూర్చుంది. 'ఇది గుప్త సాహిత్యం ఆంటీ' అనేది. గుప్తం ఏముంది? దుకాణం ముందు తాడుకు వేలాడదీసే ఉంచుతాను.

నేనింకా చూడలేదు. చూడాలని తొందర కూడా లేదు.

నవంబరు 3, సాయంత్రం

చూశాను. కాస్త లావుగా ఉన్నాను. కెమెరా మంచిది కాదు.

నవంబరు 6

సినిమా కింద జనం అభిప్రాయాలు రాస్తున్నారు. చాలావరకు ఇంగ్లీషు. మా నేహ కాలేజీ నుంచి వచ్చాక చదివి చెప్పింది.

ఒకాయన: 'పాత కాగితాల వాసన తెరలోంచి నా దాకా వచ్చింది.' అది బొద్దింకల మందు వాసన.

ఇంకొకామె: 'ఈమె కళ్ళలో ఒక యుగం అస్తమిస్తోంది.' ఆ వారం నాకు కళ్ళకలక.

"ఇంకెవరన్న ఏమన్న రాసిన్రా?" అని అడిగాను.

"అమ్మా, ఐక్ నా, ఇను, నీకేం ఫరక్ పడదన్నవ్ గద?"

నాకేం ఫరక్ పడదు. పిల్ల ఇంగ్లీషు ఎలా చదువుతోందో చూద్దామని అడిగాను.

నవంబరు 9

కాకతాళీయం అంటారు నవలల్లో. రాసేవాడికి దారి దొరకనప్పుడు వాడే మాట. మా ఇంట్లో నిజంగానే జరిగింది. మా ఆయన కూడా డాక్యుమెంటరీలో వచ్చాడు.

ఆయన పనిచేసిన మగ్గాలు తుక్కు కింద వెళ్ళిపోయాక, అంజూర్ ఫాటా దారిలో కడుతున్న కొత్త బ్రిడ్జి పనిలో చేరాడు. ఎర్రజెండా ఊపి లారీలను ఆపడం, పచ్చజెండా ఊపి వదలడం ఆయన పని. లోకంలో అంకుశం అనే మనిషి మాటకు ఆగేవి లారీలు మాత్రమే. ఆ బ్రిడ్జి ఎలా కట్టారో చెబుతూ కంపెనీవాళ్ళు సినిమా తీయించారు. అందులో మా ఆయన కెమెరా వైపు చూసి, "పూల్ బనేగా తో సబ్ కా భలా హోగా" అంటాడు. బ్రిడ్జి అయితే అందరికీ మేలని. అంతే, ఒక్క ముక్క. తర్వాత సిమెంటు మరలు తిరుగుతాయి.

సాయంత్రం ఆ ముక్కను వెనక్కి తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి చూస్తూ కూర్చున్నాడు. తలమీద హెల్మెట్.

"ఇంట్ల హెల్మెట్ ఎందుకయ్యా?"

"సైన్మల హెల్మెట్ తోనే ఉన్న గద. గది నేనేనని తెల్వద్దా?"

ఎవరికి తెలియాలి? ఇంట్లో ఉన్నది నేనూ, నేహ.

నవంబరు 11

ఆయన సినిమాను నా సినిమాకంటే ఎక్కువమంది చూశారు. బ్రిడ్జి కదా. పెద్ద వస్తువును ఎవరైనా చూస్తారు.

దాని కింద రాసినవి నేను నేహను అడగలేదు. నేనే చదువుకున్నాను, హిందీయే కాబట్టి. ఒకడు సిమెంటు ఏ కంపెనీదని అడిగాడు. ఒకడు అంజూర్ ఫాటాలో ఫ్లాట్లు అమ్మకానికి ఉన్నాయని ఫోన్ నంబరు పెట్టాడు. వెనకాల సంగీతం పేరేంటని నలుగురైదుగురు అడిగారు. ఒక్కడు మాత్రం, 'జెండా పట్టుకున్న కాకా ఉన్నంతసేపు చూశాను, తర్వాత ఆపేశాను' అని రాశాడు.

అది మా ఆయనకు చూపించలేదు. ఆయనే చూసుకున్నాడు. పక్కింటివాళ్ళకు, కిందింటివాళ్ళకు, పాలవాడికి కూడా చూపించాడు.

నవంబరు 15

వీరయ్య వచ్చి వెళ్ళాడు. మా తెలుగు సమాజం అధ్యక్షుడు. వచ్చే శుక్రవారం మగ్గాలకు సెలవు కాబట్టి సమాజం హాల్లో రెండు సినిమాలూ కలిపి వేస్తారట.

"ఒక్కింట్ల రెండు డాక్యుమెంటరీలు! మన జాతిల ఎన్నడన్న అయ్యిందా?" అన్నాడు.

"ముందు ఏదేస్తరు వీరయ్యన్నా?" అని మా ఆయన.

"లేడీస్ ఫస్ట్."

మా ఆయన మొహం చూడాలి. అయితే ఒకటి గమనించాను. బ్రిడ్జి సినిమా మొత్తం వేస్తారా, ఆఖరి భాగం కోసేయరాదా అని రెండుసార్లు అడిగాడు. ఆ ఆఖరి భాగం యూట్యూబులో లేదట, కంపెనీవాళ్ళు హాలుకోసం ప్రత్యేకంగా పంపిస్తున్నారట. తాను కనిపించే సినిమాను కోయమని అడిగే మనిషి కాదు ఈయన. నా నవలల్లో ఇలా అడిగేవాడే హంతకుడు.

నవంబరు 21

అన్నం తినలేదు. రాస్తే గాని నిద్ర పట్టదు. మొదటి నుంచీ రాస్తాను.

హాలు నిండింది. ముందు నా సినిమా. ఆర్తి కూడా వచ్చింది, ఖాదీ చీరలో. తెర మీద మొదట ఫ్యాను తిరిగింది. చాలాసేపు తిరిగింది. వెనక నుంచి ఎవరో, "కరెంటు మంచిగనే ఉన్నది గద, ఇంకేం జూపిస్తున్నరు?" అన్నారు. తర్వాత నేను మాట్లాడకుండా కిటికీలోంచి చూసే భాగం వచ్చింది. "సౌండ్ పోయింది! సౌండ్!" అని హాలంతా అరిచింది. మిషను దగ్గరున్నవాడు భయపడి సౌండు పెంచితే, ఆ తర్వాత వచ్చిన మగ్గాల చప్పుడుకు ముందు వరుసలో పసిపిల్లలు లేచి ఏడ్చారు. ఆర్తి నా చెవిలో, "వో ఖామోషీ జాన్‌బూఝ్ కే థీ, ఆంటీ" అంది. కావాలనే పెట్టిన నిశ్శబ్దమట. మగ్గాల మధ్య బతికేవాళ్ళకు నిశ్శబ్దమంటే మిషను చెడిపోయిందనే అర్థం. ఆ పిల్లకేం తెలుసు.

'మార్చురీలో పెళ్ళికూతురు' అట్ట తెరమీదికి రాగానే పెంటవ్వ లేచి నిలబడింది. చదువు రాదు ఆమెకు. కోడలితో చదివించుకుంటుంది. "అగో, గదే! గా పెండ్లిపిల్లను సంపింది ఎవ్వలు? ఆఖర్ల పేజీలు లెవ్వు మల్లికా! గిప్పుడన్న చెప్పు!" అంది. తర్వాత నేను, "చాలామంది తీసుకుపోయి తిరిగివ్వలేదు" అనే చోట హాలు ఒక్కసారిగా చల్లబడింది. సగంమంది మొహాలు దించుకున్నారు. తాను నవలలే చదవనని ఊరంతా చెప్పుకునే వీరయ్య అందరికంటే ఎక్కువ దించుకున్నాడు.

తర్వాత ఆయన సినిమా. దాన్ని జనం ప్రాణం పెట్టి చూశారు. అంతెత్తు దూలాన్ని క్రేను లేపుతుంటే, 'పడుతది, పడుతది' అని ఊపిరి బిగబట్టారు. పడలేదు. ఉత్కంఠ అంటే అది. ఒప్పుకోవాలి. డ్రోను పైనుంచి చూపించినప్పుడు హాలంతా నిలబడి, "అగో మా ఇల్లు! అగో మా రేకులు!" అని వెతుక్కున్నారు. మా ఆయన మాటకు ఈలలు వేశారు.

ఆ తర్వాత ఆఖరి భాగం. బ్రిడ్జి పూర్తయ్యాక దిగే రోడ్డు ఎలా ఉంటుందో కంప్యూటర్ బొమ్మ. రోడ్డు మెల్లగా మా సందులోకి దిగింది. మా సందు మాయమై పచ్చగడ్డి మొలిచింది. నా దుకాణం ఉన్నచోట ఒక బెంచీ, ఒక బెలూను, కుక్కపిల్లను నడిపిస్తున్న తెల్లటి దొరసాని. భివండీలో ఆ మనిషి ఎక్కడిది?

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ రెండు చప్పట్లు కొట్టాను, ఏం చూశానో అర్థమయ్యేలోపు.

పక్కకు తిరిగి చూశాను. మా ఆయన తెర వైపు చూడటం లేదు. చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

ఇంటికి వచ్చాక అడిగాను.

"నీకెరికేనా?"

"దసరా సంది చెప్దమనే అనుకుంటున్న."

"దసరా సంది?"

"దుకాణం ఇంటాయన జాగ పోతున్నందుకు మావేజా పైసలు తీసుకున్నడు. కిరాయిదార్లకు ఏం రాదట. నేను సాహెబులను అడిగిన మల్లికా. రెండు మాట్ల అడిగిన. నువ్వు సైన్మ వస్తున్నదని ఖుషీగ ఉంటివి. ఎట్ల జెప్పాలె?"

నవలల్లోనైతే భార్య ఇక్కడ చెంప పగలగొడుతుంది. నేను లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను.

నవంబరు 22

మాట్లాడలేదు.

నవంబరు 24

మాట్లాడలేదు. నేహ మధ్యలో పోస్ట్‌మ్యాన్ పని చేస్తోంది. "అమ్మా, బాపు చాయ్ కావాల్నంటున్నడు." "బాపూ, అమ్మ తుఝ్యా హాతానే కర్ మ్హణ్‌తే." 'నీ చేత్తో నువ్వే పెట్టుకో' అన్న ఆ మాట నేను తెలుగులో అన్నాను. మరాఠీలో ఎందుకు చెప్పిందో తెలియదు. కోపం ఏ భాషలోనైనా చేరాల్సిన చోటికి చేరుతుంది.

నవంబరు 27

నా సినిమా కింద కొత్త అభిప్రాయం వచ్చింది. తెలుగులో. రాసినవాడి బొమ్మ పసుపు హెల్మెట్.

'మల్లికా పువ్వు తిను.'

ఆయనకు తెలుగు టైపు చేయడం రాదు. ఫోన్లో మాట్లాడితే అదే రాసుకుంటుంది. 'మల్లికా, బువ్వ తిను' అని ఉంటాడు.

నేనేం జవాబివ్వలేదు.

నవంబరు 29

ఆర్తి ఫోన్ చేసింది. ఆ 'పువ్వు తిను' ఎవరు రాశారని అడిగింది. దాని కింద జనం ఎర్రగుండె బొమ్మలు కుప్పలుగా పోశారట. ఒకరు ఇంగ్లీషులోకి మార్చారట. 'మల్లికనే పువ్వును తినమనడంలో ఆత్మను ఆత్మే భుజించడం ఉంది' అని ఒక ప్రొఫెసరు పేజీడు రాశాడట. ఆ కవి పేరు చెప్పమంది.

జెండా ఊపుతాడని చెప్పాను. "ఏ తో ఔర్ భీ ఖూబ్‌సూరత్ హై" అంది. ఇది ఇంకా అందంగా ఉందట.

నేను బ్రిడ్జి సినిమా కిందికి వెళ్ళి రాశాను: 'తిన్నాను. నువ్వు గోలీ వేసుకో.' ఆయనకు బీపీ. మాట్లాడినట్టు కాదు ఇది. ఒక ప్రేక్షకురాలిగా అభిప్రాయం.

డిసెంబరు 6

బాంద్రాలో నా సినిమా వేశారు. నేహను తీసుకుని వెళ్ళాను. చల్లటి హాలు. అక్కడివాళ్ళు ఫ్యాను తిరిగినంతసేపూ గుడిలో ఉన్నట్టు కూర్చున్నారు. నేను కిటికీలోంచి చూసినప్పుడు ఒకామె కళ్ళు తుడుచుకుంది.

అయ్యాక నన్ను వేదికెక్కించారు. దుకాణం పడగొడతారని ఆర్తి చెప్పగానే అందరూ 'చ్చొ' అన్నారు. దుకాణం పోతుంటే మీకెలా అనిపిస్తోంది అని ముగ్గురు వేరువేరుగా అడిగారు. మేమేం చేయగలం అని ఒకాయన అడిగాడు. సంచిలో కొన్ని నవలలు తెచ్చాను, చదవండి, అద్దెకిస్తాను అన్నాను. అందరూ వచ్చారు. పట్టుకుని ఫోటోలు దిగారు. ఎవరూ తీసుకోలేదు. జుట్టు కత్తిరించుకున్న ఒక పెద్దావిడ మాత్రం, "కవర్లు విడిగా అమ్ముతారా? ఫ్రేము కట్టి గోడకు పెట్టుకుంటాను" అంది.

"లోపలిదాన్ని ఏం చేయమంటారు?" అని అడిగాను.

ఆమె నిజంగానే ఆలోచించింది, పాపం.

తిరిగి వచ్చేటప్పుడు నేహ రైల్లో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. చిన్నప్పుడు కూడా అంతసేపు పట్టుకోలేదు.

డిసెంబరు 10

విచిత్రం. దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. సినిమాలో నేను అన్న ఒక్క మాటకు సిగ్గుపడి, ఎప్పుడో తీసుకుపోయినవాళ్ళంతా తిరిగి తెస్తున్నారు. కొందరు మొహం చూపించలేక షట్టరు కింద నుంచి తోసి పోతున్నారు. వీరయ్య ఏడు నవలలు గుడ్డలో చుట్టి, "మా ఆడోళ్ళు తీసుకపోయిన్రట" అన్నాడు. వీరయ్య భార్యకు చదువే రాదు.

ముంబయివాళ్ళ కన్నీళ్ళు సినిమా కిందే ఉన్నాయి. భివండీవాళ్ళ సిగ్గు మాత్రం నడిచి వస్తోంది. కానీ తెచ్చినవి ఎక్కడ పెట్టను?

పెంటవ్వ కూడా తెచ్చింది. ఆఖరి పేజీలు లేనిదే. పెళ్ళికూతురిని చంపింది ఎవరో నాకూ గుర్తులేదు. "మొగుడే" అన్నాను.

"నేను ముందుగాలనే అనుకున్న" అంది సంతోషంగా.

డిసెంబరు 16

ఇవాళ పడగొట్టారు.

పొద్దున్నే నేను, నేహ, పెంటవ్వ కోడలు కట్టలు కడుతున్నాం. పది గంటలకు వస్తారనుకున్న జేసీబీ ముందే వచ్చింది. వెనకాల కంపెనీ మనిషి భూషణ్, వాడి పక్కన కెమెరా. సగం పుస్తకాలు ఇంకా లోపలే ఉన్నాయి. "మేడమ్, టైమ్ సంప్లా" అని, టైము అయిపోయిందంటూ భూషణ్ గడియారం చూపించాడు. జేసీబీ చెయ్యి పైకి లేచింది.

అప్పుడు మా ఆయన సందు మొదట్లోంచి వచ్చాడు. డ్యూటీలోనే ఉన్నాడు. జేసీబీ ముందు నిలబడి ఎర్రజెండా ఎత్తాడు.

జేసీబీవాడు ఆగిపోయాడు. వాడికి జెండా చూస్తే ఆగడమే తెలుసు.

"అంకుశం! ఏ కాయ్ కర్తోస్?" ఏం చేస్తున్నావని భూషణ్ అరిచాడు.

"లాల్ హై సాబ్. నియమ్ హై. సామాన్ నికల్నే తక్ రుక్నేకా." ఎర్రజెండా ఉంటే సామాను బయటికి వచ్చేదాకా ఆగాలట.

"కోణ్‌చా నియమ్?"

ఎవరి నియమమది అంటున్నాడు భూషణ్. మా ఆయన ఎత్తిన చెయ్యి దించలేదు. సందులోని మగ్గాలవాళ్ళు బయటికి వచ్చారు. హాల్లో ఈలలు వేసినవాళ్ళే. ఎవరూ చెప్పకుండానే వరుసగా నిలబడి కట్టలు చేతులు మార్చారు. వీరయ్య కూడా మోశాడు, నవలలు పైకి కనిపించేలాగే. ఆఖరి కట్ట బయటికి వచ్చాక మా ఆయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను. పచ్చజెండా ఎత్తాడు.

రేకులు పడే చప్పుడు నేను వినలేదు. మగ్గాలు నడుస్తున్నాయి కదా.

డిసెంబరు 18

భూషణ్ తీయించినదంతా కంపెనీవాళ్ళు రెండో భాగంగా పెట్టారు. 'ప్రజల సహకారంతో, చిరునవ్వులతో స్థలం ఖాళీ' అని పేరు. మా ఆయన జెండా పట్టుకున్న భాగం ఉంది, ఎర్రది తీసేసి పచ్చది మాత్రమే ఉంచారు. కింద అందరూ దండం బొమ్మలు పెట్టారు.

డిసెంబరు 19

మా ఆయన పనికి వెళ్ళలేదు. హెల్మెట్ కూడా లేదు. పూల్ అయిపోవచ్చింది, ఇక జెండా అక్కర్లేదన్నారని నేహతో చెప్పాడట. నేను అంత తెలివి తక్కువదాన్ని కాదు.

కంచంలో అన్నం పెట్టి ముందుంచాను.

"పువ్వు తిను" అన్నాను.

ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో కాసేపు తెలియలేదు. తర్వాత పచ్చడి అడిగాడు.

జనవరి 11

బ్రిడ్జి తెరిచారు. పెద్దవాళ్ళు వచ్చి రిబ్బను కత్తిరించారు. కట్టినవాళ్ళను కింద ఆపారు. మేమూ కిందే నిలబడి చూశాం. గడ్డి లేదు, బెంచీ లేదు. నా దుకాణం ఉన్నచోట కంకర కుప్ప. దొరసాని ఇంకా రాలేదు.

"మంచిగనే కట్టిన్రు" అన్నాను. మంచిగానే కట్టారు మరి.

జనవరి 19

పుస్తకాలన్నీ ఇంట్లో ఉన్నాయి. నేహ మంచం కింద, మా మంచం కింద, వంటగదిలో బియ్యం డబ్బా వెనక. అంజూర్ ఫాటా దిక్కు ఒక చిన్న గాలా, దుకాణానికి సరిపోయే గది, అద్దెకుందంటే చూడటానికి ఆటోలో బయలుదేరాం. అక్కడి ఇంటాయనకు చూపించడానికి సంచీ నిండా నవలలు.

బ్రిడ్జి ఎక్కాం. మధ్యలో ఆగిపోయాం. ముందర టెంపోలు, వెనక లారీలు, దిగేచోట గోతులు. కింద ఆగే ట్రాఫిక్ ఇప్పుడు పైన ఆగుతోంది, గాలి బాగా వస్తోంది. ఇంతకుముందు అయితే మా ఆయన జెండా ఊపి వదిలేవాడు. ఇప్పుడు ఆటోలోంచి తల బయటపెట్టి, "గా పెద్ద బండి ఎన్కకు తియ్యాలె, గంతే" అని ఎవరూ వినని సలహాలు ఇస్తున్నాడు.

ఏం తోచక నేనొక నవల తీసి చదువుకుంటున్నాను. పక్కన గుడ్డ తానుల టెంపో. డ్రైవర్ కిందికి వంగి అట్ట చూశాడు.

"అక్కా, గది తెలుగు పుస్తకమేనా? ఏమున్నది అండ్ల?"

"ఒకామె సచ్చిపోయింది. మల్ల పెండ్లికొచ్చింది."

"అరె! ఎట్ల?"

"చదివితే తెలుస్తది. కిరాయికిస్త."

వాడు చెయ్యి చాచాడు. వాడి వెనక లారీవాడు హిందీలో ఉందా అని అడిగాడు. మా ఆయన సంచీ భుజానికి తగిలించుకుని దిగాడు. బండ్ల మధ్యలోంచి నడుస్తూ, "హిందీ, మరాఠీ, తెలుగు! ఖూనీ, భూత్, ప్రేమ్!" అని మెల్లగా మొదలుపెట్టి గట్టిగా అరిచాడు. కార్లో అద్దం దించి ఒక ఆఫీసు పిల్ల మరాఠీది తీసుకుంది. బాంద్రాలో ఒక్కటి పోలేదు, ఇక్కడ సంచీ సగమైంది.

అప్పుడు టెంపోవాడికి అనుమానం వచ్చింది.

"గని అక్కా, వాపస్ ఎట్లియ్యాలె? నీ దుకాణం యాడున్నది?"

"దినాం గీ తొవ్వనే పోతవా?"

"కాశేలి గోదాముకు. దినాం గిదే."

"మల్ల రేపు గీ టైముకు యాడుంటవ్?"

వాడు ముందుకు చూశాడు. వెనక్కి చూశాడు.

"గీడనే ఉంట" అన్నాడు.

"గీడనే ఇయ్యి."

జనవరి 20

అక్కడే ఉన్నాడు. చదవడం అయిపోయిందట, ఇంకొకటి అడిగాడు.